యూనిట్ 9: లీజుహోల్డ్ ఫ్లాట్ – యాజమాన్యం, భద్రత, వృత్తి నిపుణుల సలహా

విషయక్రమం

9.0 లక్ష్యాలు
9.1 పరిచయం
9.2 లీజుహోల్డ్ అంటే ఏమిటి?
9.3 లీజు పత్రం చదవడం
9.4 భద్రత: గ్రెన్‌ఫెల్ నేర్పిన పాఠం
9.5 ఫ్లాట్‌ను అద్దెకు ఇచ్చినప్పుడు
9.6 సలహాదారు ఎవరి పక్షాన ఉన్నారు?
9.7 బిల్లు వచ్చినప్పుడు
9.8 సారాంశం
9.9 మీ ప్రగతిని సమీక్షించుకోండి – నమూనా సమాధానాలు
9.10 నమూనా పరీక్ష ప్రశ్నలు
9.11 పదకోశం

9.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరవాత మీరు:
– లీజుహోల్డ్ ఫ్లాట్ యాజమాన్యానికీ, మన అపార్ట్‌మెంట్ యాజమాన్యానికీ ఉన్న తేడాను వివరించగలుగుతారు.
– బహుళ అంతస్తుల భవనంలో భద్రత బాధ్యత ఎవరెవరి మధ్య పంచుకొని ఉంటుందో చెప్పగలుగుతారు.
– ఫ్లాట్‌ను అద్దెకు ఇచ్చే వ్యక్తి చట్టరీత్యా చేయవలసిన పనులను పేర్కొనగలుగుతారు.
– ఒక వృత్తి నిపుణుడి సలహా ఎవరి ప్రయోజనం కోసం ఇచ్చినదో పరిశీలించగలుగుతారు.

9.1 పరిచయం

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు పెద్దలు. కట్టే శ్రమ లేకుండా కొనుక్కునే ఫ్లాటుకు ఈ సామెత వర్తించదని చాలామంది అనుకుంటారు. ఈ యూనిట్ పూర్తిచేసేసరికి మీ అభిప్రాయం మారవచ్చు.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఫ్లాట్ కొన్నవారి దస్తావేజు ఒకసారి తీసి చూడండి. అందులో ముఖ్యంగా రెండు కొలతలు ఉంటాయి. ఒకటి, ఫ్లాట్ వైశాల్యం చదరపు అడుగుల్లో. రెండు, దానికి చెందిన అవిభాజ్య భూమి వాటా చదరపు గజాల్లో. అంటే ఫ్లాట్‌తోపాటు, కింద ఉన్న నేలలో కూడా కొంత భాగం మీదే. భవనం పాతబడి కూల్చవలసి వచ్చినా ఆ వాటా మిగిలే ఉంటుంది. మన దేశంలో కూడా లీజు పద్ధతి మీద ఇచ్చిన ఫ్లాట్లు లేకపోలేదు. ఢిల్లీలో అటువంటివి చాలా ఉన్నాయి. అయితే మన రెండు రాష్ట్రాల్లో సాధారణ కొనుగోలుదారుకు తెలిసినది అవిభాజ్య వాటా పద్ధతే.

ఇదే ఊహతో ఇంగ్లండ్‌లో ఫ్లాట్ కొంటే పొరపాటు జరుగుతుంది. అక్కడ అమ్మకానికి వచ్చే ఫ్లాట్లలో అత్యధికం లీజుహోల్డ్‌వి. చదువుకోసం, ఉద్యోగంకోసం వెళ్ళి అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. మీలో కొందరికి అక్కడ బంధువులు ఉండవచ్చు. రేపు మీరే అక్కడ ఫ్లాట్ అద్దెకు తీసుకోవచ్చు, కొనవచ్చు, కొన్నదాన్ని మరొకరికి అద్దెకు ఇవ్వవచ్చు. ఈ మూడు స్థితుల్లోనూ మీ హక్కులు, బాధ్యతలు వేరువేరు. అందువల్ల ఈ యూనిట్‌లో ఇంగ్లండ్ ఉదాహరణను తీసుకొని లీజుహోల్డ్ పద్ధతిని పరిశీలిద్దాం. లీజుహోల్డ్ చట్టం చాలావరకు ఇంగ్లండ్, వేల్స్ రెండింటికీ వర్తిస్తుంది. అగ్నిభద్రత, అద్దె ఇళ్ళ భద్రతల గురించి ఇక్కడ చెప్పిన నిబంధనలు ఇంగ్లండ్‌కు సంబంధించినవి. స్కాట్లండ్ పద్ధతి వేరు.

9.2 లీజుహోల్డ్ అంటే ఏమిటి?

భూమినీ, దానిమీది భవనాన్నీ కాలపరిమితి లేకుండా సొంతం చేసుకోవడం ఫ్రీహోల్డ్. నిర్ణీత సంవత్సరాలపాటు ఒక ఫ్లాట్‌ను అనుభవించే హక్కును కొనుక్కోవడం లీజుహోల్డ్. ఆ కాలం 99 ఏళ్ళు కావచ్చు, 125 ఏళ్ళు కావచ్చు, 999 ఏళ్ళు కూడా కావచ్చు. గడువు ముగిస్తే, చట్టం కల్పించిన పొడిగింపు హక్కులను వాడుకోకపోతే, ఫ్లాట్ ఫ్రీహోల్డర్‌కు చెందుతుంది.

ఈ పద్ధతిలో లీజుదారుకు రెండు ముఖాలు ఉంటాయి. బ్యాంకు దగ్గర అప్పు తీసుకొని, లక్షల పౌండ్లు పెట్టి కొన్నాడు కాబట్టి లోకం దృష్టిలో అతను యజమాని. ఫ్రీహోల్డర్ దృష్టిలో మాత్రం అతను దీర్ఘకాలిక అద్దెదారు. ఫ్లాట్ లోపలి భాగం సాధారణంగా లీజుదారు బాధ్యత. పైకప్పు, పునాది, బయటి గోడలు, మెట్లు, లిఫ్టు సాధారణంగా ఫ్రీహోల్డర్ బాధ్యత. వాటికయ్యే ఖర్చును మాత్రం ఫ్రీహోల్డర్ సర్వీస్ చార్జి పేరుతో లీజుదారుల నుంచే వసూలు చేస్తాడు. నిర్ణయం ఒకరిది, చెల్లింపు మరొకరిది. లీజుహోల్డ్ తగాదాల్లో చాలావాటికి మూలం ఇదే.

సర్వీస్ చార్జి కాక, పాత లీజుల్లో భూమి అద్దె కూడా ఉంటుంది. దీనికి ప్రతిఫలంగా లీజుదారుకు ఏ సేవా అందదు. 2022 జూన్ 30 నుంచి అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం కొత్త దీర్ఘకాలిక నివాస లీజుల్లో చాలావాటికి భూమి అద్దె వసూలు చేయకూడదు. అంతకుముందు రాసిన లీజులకు ఈ చట్టం వర్తించదు. కాబట్టి పాత ఫ్లాట్ కొనేవారు ఈ అంశాన్ని తప్పక చూడాలి.

9.3 లీజు పత్రం చదవడం

లీజు పత్రం యాభై అరవై పేజీలు ఉంటుంది. "అందరూ సంతకం పెట్టేదే కదా" అని పక్కన పెట్టేవారు ఎక్కువ. అలా పెట్టేస్తే ఏమవుతుందో ఒక తీర్పు ద్వారా తెలుసుకుందాం.

వేల్స్‌లోని గోవర్ ద్వీపకల్పంలో విడిది ఇళ్ళ సముదాయం ఒకటి ఉంది. అక్కడి లీజులు 1974 నుంచి 99 ఏళ్ళకు రాసినవి. వాటిలో కొన్నింటిలో సర్వీస్ చార్జి మొదటి ఏడాది 90 పౌండ్లు, ఆ తరవాత ఏటా 10 శాతం చక్రవృద్ధిగా పెరుగుతుందని ఉంది. ద్రవ్యోల్బణం తీవ్రంగా ఉన్న ఆ రోజుల్లో ఈ మాట ఎవరికీ వింతగా తోచలేదు. 1980లో రాసిన లీజును లెక్క వేస్తే, 2015 నాటికి ఆ 90 పౌండ్లు ఏడాదికి 2,500 పౌండ్లు దాటాయి. 2072 నాటికి ఏడాదికి 5,50,000 పౌండ్లు దాటుతాయి. లీజుదారులు కోర్టుకు వెళ్ళారు. 2015లో బ్రిటన్ సుప్రీంకోర్టు 'ఆర్నాల్డ్ వర్సెస్ బ్రిటన్' కేసులో మెజారిటీ తీర్పు ఇస్తూ, పత్రంలోని మాటల అర్థం స్పష్టంగా ఉన్నప్పుడు, ఫలితం కఠినంగా ఉందన్న కారణంతో వాటిని మార్చి చదవలేమని చెప్పింది. ఈ కేసులో బ్రిటన్ అన్నది దేశం పేరు కాదు, కక్షిదారు ఇంటిపేరు.

భూమి అద్దె విషయంలోనూ ఇటువంటి లెక్కే ఉంటుంది. 250 పౌండ్ల అద్దె పదేళ్ళకొకసారి రెట్టింపు అవుతుందని లీజులో ఉంటే, 50 ఏళ్ళకు అది 8,000 పౌండ్లు అవుతుంది. కాగితం మీద ఈ లెక్క వేయడానికి రెండు నిమిషాలు చాలు. సంతకానికి ముందు ఆ రెండు నిమిషాలు కేటాయించినవారు తక్కువ.

లీజు చదివేటప్పుడు ఈ ప్రశ్నలు వేసుకోండి:
1. ఇంకా ఎన్ని సంవత్సరాలు మిగిలి ఉన్నాయి? గడువు 80 ఏళ్ళ కన్నా తగ్గితే, 1993 చట్టం కింద పొడిగింపు ఖర్చు బాగా పెరుగుతుంది. ఈ అదనపు భారాన్ని తొలగించే నిబంధన 2024 లీజుహోల్డ్ సంస్కరణ చట్టంలో ఉంది. అయితే ఆ చట్టాన్ని దశలవారీగా అమలు చేస్తున్నారు. కాబట్టి మీరు అడిగే నాటికి ఏది అమల్లో ఉందో సొలిసిటర్ చేత రాతపూర్వకంగా చెప్పించుకోవాలి.
2. భూమి అద్దె ఎంత? ఎప్పుడెప్పుడు, ఏ లెక్కన పెరుగుతుంది?
3. కిటికీలు, బాల్కనీ, ఫ్లాట్ ముఖద్వారం ఎవరివి? వాటి మరమ్మతు ఎవరి బాధ్యత?
4. ఫ్లాట్‌ను అద్దెకు ఇవ్వడానికి ఫ్రీహోల్డర్ అనుమతి కావాలా?
5. పెద్ద మరమ్మతుల కోసం ముందుగా పోగుచేసిన నిధి ఉందా?

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 1
గమనిక: ఎ) మీ సమాధానాన్ని విడి కాగితం మీద రాయండి. బి) దాన్ని యూనిట్ చివర ఇచ్చిన నమూనా సమాధానంతో సరిచూసుకోండి.
లీజుదారుకు రెండు ముఖాలు ఉంటాయన్న మాటను వివరించండి.

9.4 భద్రత: గ్రెన్‌ఫెల్ నేర్పిన పాఠం

2017 జూన్ 14 తెల్లవారితే బుధవారం. రాత్రి ఒంటిగంట కావస్తుండగా పశ్చిమ లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్ నాలుగో అంతస్తులో, ఒక వంటింట్లోని ఫ్రిజ్ దగ్గర మంట మొదలైంది. అటువంటి మంటలు లండన్‌లో కొత్త కాదు. కాంక్రీటు గోడల మధ్య ఉన్న ఒక ఫ్లాట్‌లో మంట పుడితే అది ఆ ఫ్లాట్ దాటకూడదు. భవనం రూపకల్పన ఆ సూత్రం మీదే ఆధారపడి ఉంటుంది. అందుకే మిగిలినవారికి "ఉన్నచోటే ఉండండి" అని సలహా ఇస్తారు.

ఆ రాత్రి మంట ఫ్లాట్ దాటింది. 2016లో ముగిసిన ఆధునికీకరణ పనుల్లో ఆ 24 అంతస్తుల భవనం బయటి గోడలకు అల్యూమినియం పలకలు తొడిగారు. రెండు పల్చని అల్యూమినియం రేకుల మధ్య పాలిథిలీన్ ఉన్న పలకలు అవి. పాలిథిలీన్ తేలిగ్గా అంటుకొని తీవ్రంగా మండే ప్లాస్టిక్. మంట కిటికీ గుండా బయటికి వచ్చి, ఆ తొడుగు పట్టుకొని పైకి పాకింది. "ఉన్నచోటే ఉండండి" అన్న సలహాను తెల్లవారుజామున 2.47 గంటలకు గాని మార్చలేదు. మొత్తం 72 మంది చనిపోయారు. 2024 సెప్టెంబరులో విచారణ తుది నివేదిక విడుదల చేస్తూ, ఆ మరణాలన్నీ నివారించదగినవేనని విచారణాధిపతి సర్ మార్టిన్ మూర్-బిక్ అన్నారు.

గ్రెన్‌ఫెల్ నివాసుల్లో ఎక్కువమంది సామాజిక గృహాల అద్దెదారులు, కొందరు లీజుదారులు. బయటి గోడకు ఏ పలక వేయాలో నిర్ణయించే అధికారం ఏ ఒక్క లీజుదారు చేతిలోనూ లేదు. లీజుదారు తన ఫ్లాట్‌ను ఎంత జాగ్రత్తగా ఉంచుకున్నా, ప్రాణాపాయం తనది కాని గోడ నుంచి రావచ్చు. ఇది గుర్తుంచుకోవలసిన మొదటి పాఠం.

9.4.1 బాధ్యులు ఎవరు?

గ్రెన్‌ఫెల్ తరవాత చట్టాలు మారాయి. 2021 అగ్నిభద్రత చట్టం భవనం నిర్మాణ భాగాలు, బయటి గోడలు, ఫ్లాట్ ముఖద్వారాలు కూడా అగ్నిప్రమాద అంచనా పరిధిలోకి వస్తాయని స్పష్టం చేసింది. 2022 భవన భద్రత చట్టం 18 మీటర్ల ఎత్తు లేదా 7 అంతస్తులు, ఆపైన ఉన్న నివాస భవనాలను అధిక ప్రమాద భవనాలుగా గుర్తించి, ప్రతి భవనానికీ జవాబుదారీ వ్యక్తి ఒకరు ఉండాలని నిర్దేశించింది. ఇక్కడ వ్యక్తి అంటే సంస్థ కూడా కావచ్చు. 2023 జనవరి నుంచి, 11 మీటర్లకు మించిన భవనాల్లో ఉమ్మడి భాగాల అగ్నినిరోధక తలుపులను మూడు నెలలకొకసారి పరీక్షించాలి. ఫ్లాట్ ముఖద్వారాలను ఏడాదికొకసారి పరీక్షించడానికి తమ శక్తిమేరకు ప్రయత్నించాలి.

ముఖద్వారానికి ఇంత ప్రాధాన్యం ఎందుకని మీరు అడగవచ్చు. కొన్నేళ్ళ క్రితం లండన్‌లో మా అమ్మాయి అద్దె ఫ్లాట్‌లో నెల రోజులు ఉన్నాను. ఆ ఫ్లాట్ తలుపు బరువైనది. వదిలేస్తే దానంతట అదే మూసుకుపోయేది. కూరగాయల సంచులతో వచ్చిన ప్రతిసారీ విసుగ్గా ఉండేది. ఒకరోజు నా చెప్పు అడ్డం పెట్టి తలుపు బార్లా తెరిచి ఉంచాను. ఎదురు ఫ్లాట్ పెద్దావిడ అది చూసి, వంగి, చెప్పు తీసి నా చేతికిచ్చింది. "మీ వంటింట్లో మంట పుడితే, మేము మెట్లు దిగేదాకా దాన్ని ఆపవలసింది ఈ తలుపేనండీ" అంది. నలభై ఏళ్ళు పాఠాలు చెప్పిన నేను ఆ రోజు పాఠం విన్నాను. తానుగా మూసుకునే పరికరాన్ని ఊడదీయడం, తలుపుకు అడ్డం పెట్టడం, మెట్ల దారిలో సైకిళ్ళు, చెప్పుల స్టాండు ఉంచడం మనకు చిన్న విషయాలు. పొగలో దారి వెతుక్కునేవారికి అవి ప్రాణాంతకం.

9.4.2 ఖర్చు ఎవరిది?

ప్రమాదకరమైన తొడుగు గ్రెన్‌ఫెల్‌కే పరిమితం కాదని త్వరలోనే తేలింది. దాన్ని మార్చేంతవరకు రాత్రింబవళ్ళు భవనంలో తిరిగి మంటలు కనిపెట్టే కాపలాదారులను పెట్టవలసి వచ్చింది. ఆ కాపలా ఖర్చు, కొత్త తొడుగు ఖర్చు సర్వీస్ చార్జి బిల్లుల రూపంలో లీజుదారుల తలుపు తట్టాయి. ఫ్లాట్ అమ్ముదామంటే కొనేవారికి బ్యాంకులు అప్పు ఇవ్వలేదు.

2022 భవన భద్రత చట్టం ఈ భారాన్ని తగ్గించింది. 11 మీటర్ల ఎత్తు లేదా 5 అంతస్తులు, ఆపైన ఉన్న భవనాల్లో 'అర్హత గల లీజు' ఉన్నవారు ప్రమాదకరమైన తొడుగు మార్పుకు ఏమీ చెల్లించనవసరం లేదు. తొడుగు కాని ఇతర అగ్నిభద్రత లోపాలకు సాధారణ విలువ గల ఫ్లాట్ల విషయంలో లండన్‌లో 15,000 పౌండ్లు, ఇతర ప్రాంతాల్లో 10,000 పౌండ్లు గరిష్ఠ పరిమితి. లండన్‌లో 3,25,000 పౌండ్ల కన్నా, ఇతర ప్రాంతాల్లో 1,75,000 పౌండ్ల కన్నా తక్కువ విలువ ఉన్న ఫ్లాట్లకు ఆ భారం కూడా లేదు.

అర్హతకు కీలకమైన తేదీ 2022 ఫిబ్రవరి 14. ఆ రోజున ఆ ఫ్లాట్ లీజుదారుకు ప్రధాన నివాసమై ఉండాలి. లేదా ఆ ఫ్లాట్‌తో కలిపి యునైటెడ్ కింగ్‌డమ్‌లో అతనికి మూడుకు మించి ఇళ్ళు ఉండకూడదు. హైదరాబాద్‌లో ఉన్న ఇల్లు ఈ లెక్కలోకి రాదు. ఫ్లాట్ చేతులు మారినా ఈ అర్హత లీజుతోపాటే వెళ్తుంది. అందువల్ల పాత భవనంలో ఫ్లాట్ కొనేవారు, అర్హతను ధ్రువీకరించే లీజుదారు పత్రాన్ని అమ్మకందారు నుంచి తీసుకొని భద్రపరచుకోవాలి. లీజుదారులే కలిసి ఫ్రీహోల్డ్ కొనుక్కున్న భవనాలకు నిబంధనలు వేరు. అటువంటప్పుడు నిపుణుల సలహా తప్పనిసరి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 2
గమనిక: పైన చెప్పినట్లే చేయండి.
'అర్హత గల లీజు'ను నిర్ణయించే ప్రాతిపదికలు ఏవి?

9.5 ఫ్లాట్‌ను అద్దెకు ఇచ్చినప్పుడు

ఉద్యోగం వేరే ఊరికి మారిందనో, స్వదేశానికి తిరిగి వస్తున్నామనో లీజుదారు తన ఫ్లాట్‌ను అద్దెకు ఇస్తాడు. ఆ క్షణం నుంచి అతను పైన ఫ్రీహోల్డర్‌కు లీజుదారు, కింద అద్దెదారుకు ఇంటి యజమాని. లీజులో ఫ్రీహోల్డర్ అనుమతి అవసరమని ఉంటే అది తీసుకోవాలి. సొంత నివాసానికని అప్పు ఇచ్చిన బ్యాంకుకు చెప్పి అంగీకారం పొందాలి. బీమా సంస్థకు తెలియజేయాలి. వీటిలో దేన్ని దాచినా, ప్రమాదం జరిగిన రోజున బీమా అక్కరకు రాకపోవచ్చు.

ఇంగ్లండ్‌లో అద్దెకు ఇచ్చే యజమాని భద్రత కోసం ముఖ్యంగా చేయవలసినవి ఇవి:

గ్యాస్: ఇంట్లో యజమాని సమకూర్చిన గ్యాస్ పరికరాలనూ, పొగ గొట్టాలనూ ఏడాదికొకసారి గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో నమోదైన ఇంజినీరు చేత పరీక్ష చేయించాలి. పరీక్ష జరిగిన 28 రోజుల్లోగా దాని నివేదికను అద్దెదారుకు ఇవ్వాలి. కొత్తగా చేరేవారికి ముందే ఇవ్వాలి. ఇంజినీరు దగ్గర గుర్తింపు కార్డు ఉంటుంది. దాని వెనకవైపు అతను ఏయే పనులకు అర్హుడో రాసి ఉంటుంది. కార్డు ముందువైపు చూసి ఊరుకోవద్దు, వెనకవైపు కూడా చదవండి.

విద్యుత్తు: వైరింగ్, స్విచ్‌బోర్డు వంటి స్థిర ఏర్పాట్లను కనీసం అయిదేళ్ళకొకసారి అర్హుడైన వ్యక్తి చేత పరీక్షింపజేయాలి. ప్రమాదకరమైన లోపాలు బయటపడితే 28 రోజుల్లోగా, నివేదికలో అంతకన్నా తక్కువ గడువు చెబితే ఆ గడువులోగా, సరిచేయించాలి.

పొగ, విషవాయువు: నివాసం ఉన్న ప్రతి అంతస్తులో పొగను గుర్తించే అలారం ఉండాలి. బాయిలర్ వంటి స్థిరమైన దహన పరికరం ఉన్న ప్రతి గదిలోనూ కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండాలి. గ్యాస్ పొయ్యికి మాత్రం ఈ రెండో నిబంధన వర్తించదు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. నిద్రలో ఉన్న మనిషికి దాన్ని పసిగట్టే మార్గం లేదు.

ధరావతు: ఏడాది అద్దె 50,000 పౌండ్ల లోపు ఉంటే అయిదు వారాల అద్దెకు మించి ధరావతు తీసుకోకూడదు. తీసుకున్న సొమ్మును 30 రోజుల్లోగా ప్రభుత్వ ఆమోదం గల పథకంలో రక్షణ కల్పించాలి.

మీరు అద్దెదారుగా ఉన్నప్పుడు ఇదే జాబితాను తిరగేసి చదువుకోండి. ఇందులో ప్రతి అంశం మీరు అడిగి తీసుకోదగిన హక్కు.

9.6 సలహాదారు ఎవరి పక్షాన ఉన్నారు?

ఇప్పటివరకు చదివినదాన్ని బట్టి నిపుణుల సలహా లేకుండా లీజుహోల్డ్ ఫ్లాట్ వ్యవహారం నడపడం కష్టమని గ్రహించి ఉంటారు. అయితే నిపుణుడి అర్హత చూడటంతో సరిపోదు. ఆయన ఎవరికి జవాబుదారీ అన్నది కూడా చూడాలి. ఎంత సమర్థుడైనా, ఆయన బాధ్యత మరొకరి పట్ల ఉంటే మీ ప్రశ్నకు జవాబు ఆ నివేదికలో ఉండకపోవచ్చు.

సర్వేయర్: అప్పు ఇచ్చే ముందు బ్యాంకు ఒక సర్వేయర్‌ను పంపుతుంది. తన సొమ్ముకు ఆ ఆస్తి హామీగా సరిపోతుందా అన్నదే బ్యాంకు ప్రశ్న. రుసుము మీరు కట్టినంత మాత్రాన అది మీ కోసం చేసిన పరీక్ష కాదు. 'స్మిత్ వర్సెస్ బుష్' కేసులో ఇటువంటి నివేదికను నమ్మి ఒకామె ఇల్లు కొన్నారు. లోపలి చిమ్నీ గోడను ఎవరో అంతకుముందే తొలగించారు. పైన మిగిలిన ఇటుకలకు ఆధారం ఉందో లేదో సర్వేయర్ చూడలేదు. కొంతకాలానికి ఆ ఇటుకలు ఇంట్లోకి కూలాయి. సాధారణ ఇల్లు కొనే వ్యక్తి ఆ నివేదికమీద ఆధారపడటం సహజమనీ, అందువల్ల సర్వేయర్ బాధ్యుడేననీ 1989లో ప్రభువుల సభ తీర్పు చెప్పింది. అది చదివి ధైర్యపడకండి. 2011లో 'స్కల్లియన్' కేసులో, అద్దెకు ఇచ్చే ఉద్దేశంతో ఫ్లాట్ కొన్న వ్యక్తికి అటువంటి రక్షణ లేదని అప్పీలు కోర్టు తేల్చింది. ఆదాయం కోసం కొనేవాడు తన సలహాకు తానే ఏర్పాటు చేసుకోవాలన్నది దాని సారం. మీరే నియమించుకొని, మీ పేరున నివేదిక తీసుకోవడం ఉత్తమం.

బయటి గోడల పత్రం: 2019 డిసెంబరులో ఇ.డబ్ల్యు.ఎస్.1 అనే పత్రం వాడుకలోకి వచ్చింది. బయటి గోడను నిపుణుడు పరిశీలించాడని బ్యాంకుకు తెలియజేయడం దాని ఉద్దేశం. భవనం మొత్తానికి అది అగ్నిభద్రత ధ్రువపత్రం కాదు. భవన భద్రత తెలియాలంటే అగ్నిప్రమాద అంచనా నివేదికను అడగాలి.

సొలిసిటర్: కొత్త ఫ్లాట్ అమ్మే సంస్థ తమకు తెలిసిన సొలిసిటర్‌ను సూచిస్తుంది. రుసుములో రాయితీ కూడా ఇస్తుంది. ఆయన్నే పెట్టుకోవాలన్న నియమం లేదు. మీరు ఎంచుకున్న సొలిసిటర్ లేదా లైసెన్సు గల కన్వేయన్సర్ నియంత్రణ సంస్థ జాబితాలో ఉన్నారా, వారికి వృత్తి బీమా ఉందా అని చూడండి. 9.3లో ఇచ్చిన అయిదు ప్రశ్నలకు రాతపూర్వక సమాధానం కోరండి.

మేనేజింగ్ ఏజెంట్: భవనం నిర్వహణ చూసే సంస్థ ఇది. దీని జీతం మీ సర్వీస్ చార్జి నుంచే వస్తుంది. నియమించేది మాత్రం సాధారణంగా ఫ్రీహోల్డర్. మర్యాదగా మాట్లాడే ఏజెంటు చెప్పిన మాటను న్యాయ సలహాగా తీసుకోకండి. నిర్వహణ బాగా లేకపోతే, అర్హత గల లీజుదారులు కలిసి నిర్వహణ హక్కును తమ చేతుల్లోకి తీసుకొనే వీలు 2002 చట్టంలో ఉంది.

ఉచిత సలహా: ప్రభుత్వ నిధులతో 1994 నుంచి పనిచేస్తున్న లీజుహోల్డ్ అడ్వైజరీ సర్వీస్ ఇంగ్లండ్, వేల్స్ లీజుదారులకు తొలి సలహా ఉచితంగా ఇస్తుంది. అద్దె ఇంటి స్థితిగతులు ప్రమాదకరంగా ఉంటే స్థానిక కౌన్సిల్ పర్యావరణ ఆరోగ్య విభాగానికి ఫిర్యాదు చేయవచ్చు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 3
బ్యాంకు పంపిన సర్వేయర్ నివేదికపై పూర్తిగా ఆధారపడకూడదు. ఎందువల్ల?

9.7 బిల్లు వచ్చినప్పుడు

ఒక దంపతులను ఊహించుకోండి. ఒకరోజు వారికి పైకప్పు మరమ్మతుకు 6,000 పౌండ్లు చెల్లించమని లేఖ వచ్చింది. భయపడి వెంటనే కట్టేయడం ఒక తప్పు. కోపంతో కట్టడం మానేయడం ఇంకా పెద్ద తప్పు. బకాయి పడితే లీజునే రద్దు చేయించే చర్యకు ఫ్రీహోల్డర్ దిగవచ్చు. వారు వరసగా చేయవలసినవి:

ముందుగా, ఈ ఖర్చును వసూలు చేసే అధికారం లీజులో ఉందో లేదో చూడాలి. రెండు, సంప్రదింపు జరిగిందో లేదో చూడాలి. ఏదైనా ఒక పనికి ఒక్కో లీజుదారు వాటా 250 పౌండ్లు దాటుతుంటే, 1985 చట్టంలోని 20వ సెక్షన్ ప్రకారం ముందుగా నోటీసులు ఇచ్చి అభిప్రాయాలు కోరాలి. ఆ పని చేయకపోతే, ట్రిబ్యునల్ మినహాయింపు ఇస్తే తప్ప, 250 పౌండ్లకు మించి వసూలు చేయలేరు. మూడు, ఖర్చు ఎప్పుడు అయిందో చూడాలి. 18 నెలల కన్నా ముందే అయిన ఖర్చును, ఆ వ్యవధిలో తెలియజేయకుండా, తరవాత అడగడం కుదరదు. నాలుగు, లీజుదారు హక్కుల సారాంశం బిల్లుతో జతపరిచారో లేదో చూడాలి. లేకపోతే అది ఇచ్చేవరకు చెల్లింపును నిలిపి ఉంచవచ్చు. అయిదు, ఖర్చు సమంజసమా అన్న వివాదాన్ని ఫస్ట్-టయర్ ట్రిబ్యునల్ ఆస్తి విభాగం ముందుకు తీసుకువెళ్ళవచ్చు. ఈలోగా చెల్లించవలసి వస్తే "అభ్యంతరంతో చెల్లిస్తున్నాను" అని రాసి చెల్లించాలి.

ఈ పనుల్లో ఏ ఒక్కటీ ఒంటరిగా చేయనక్కరలేదు. పక్క ఫ్లాట్‌వారికీ అదే లేఖ వచ్చి ఉంటుంది. పది మంది కలిసి ఒక సర్వేయర్‌ను పెట్టుకుంటే ఖర్చు పదోవంతు అవుతుంది. ఫ్రీహోల్డర్ కూడా పది సంతకాలున్న లేఖను పక్కన పెట్టలేడు.

9.8 సారాంశం

లీజుహోల్డ్ పద్ధతిలో కొనుగోలుదారు ఒకే సమయంలో యజమాని, అద్దెదారు. అతని హక్కులను నిర్ణయించేది లీజు పత్రం. అందులోని మాటలు కఠినమైనా కోర్టు వాటిని మార్చకపోవచ్చు. భవన భద్రత బాధ్యత ఫ్రీహోల్డర్, జవాబుదారీ వ్యక్తి, మేనేజింగ్ ఏజెంట్, లీజుదారు, అద్దెదారుల మధ్య పంచుకొని ఉంటుంది. బాధ్యత పంచుకున్నచోట, ఇది నా పని కాదని ప్రతి ఒక్కరూ అనుకునే ఖాళీలు ఏర్పడతాయి. గ్రెన్‌ఫెల్ వంటి విషాదాలకు దారి అటువంటి ఖాళీల్లోనే ఉంది. తగిన సలహా అంటే సమర్థుడైన నిపుణుడు, మీకు జవాబుదారీగా, మీరు అడిగిన ప్రశ్నకు, రాతపూర్వకంగా ఇచ్చిన సమాధానం. ఈ నాలుగింటిలో ఒకటి లోపించినా మళ్ళీ అడగండి. చట్టాలు తరచుగా మారుతున్నాయి కాబట్టి, ఇందులోని అంకెలను వాడుకునే ముందు ఆ నాటి స్థితిని సరిచూసుకోండి.

9.9 మీ ప్రగతిని సమీక్షించుకోండి – నమూనా సమాధానాలు

1. లీజుదారు ఫ్లాట్‌ను కొని, అమ్మగలిగిన యజమాని. అదే సమయంలో ఫ్రీహోల్డర్‌కు నిర్ణీత కాలపు అద్దెదారు. పైకప్పు, బయటి గోడల వంటి వాటి మీద నిర్ణయాధికారం అతనికి లేకపోయినా ఖర్చులో వాటా చెల్లిస్తాడు.
2. 11 మీటర్లు లేదా 5 అంతస్తులు, ఆపైన ఉన్న భవనంలో ఫ్లాట్ ఉండాలి. 2022 ఫిబ్రవరి 14న అది లీజుదారు ప్రధాన నివాసమై ఉండాలి, లేదా దానితో కలిపి యునైటెడ్ కింగ్‌డమ్‌లో అతనికి మూడుకు మించి ఇళ్ళు ఉండకూడదు.
3. ఆ నివేదిక ఉద్దేశం బ్యాంకు సొమ్ముకు హామీ చూడటం. కొనుగోలుదారుకు కావలసిన లోతైన పరీక్ష అందులో ఉండదు. అద్దెకు ఇచ్చేందుకు కొన్నవారికి చట్ట రక్షణ కూడా లభించకపోవచ్చు.

9.10 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు ముప్ఫై పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. లీజుహోల్డ్ యాజమాన్యాన్ని మన రాష్ట్రాల్లోని అపార్ట్‌మెంట్ యాజమాన్యంతో పోల్చి వివరించండి.
2. గ్రెన్‌ఫెల్ అగ్నిప్రమాదం తరవాత భవన భద్రత చట్టాల్లో వచ్చిన మార్పులను పరిశీలించండి.

II. కింది ప్రశ్నలకు పదిహేను పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. ఫ్లాట్‌ను అద్దెకు ఇచ్చే యజమాని భద్రతా బాధ్యతలు ఏవి?
2. మీ ఊళ్ళోని ఒక అపార్ట్‌మెంట్‌ను సందర్శించి, మెట్ల దారి, తలుపులు, అగ్నిమాపక పరికరాల స్థితిని గమనించి, వాటి నిర్వహణకు ఎవరు బాధ్యులో తెలుసుకొని రాయండి.

9.11 పదకోశం

ఫ్రీహోల్డర్: భూమికీ, భవనానికీ కాలపరిమితి లేని యజమాని.
లీజుదారు: నిర్ణీత సంవత్సరాలకు ఫ్లాట్ హక్కు కొన్న వ్యక్తి.
సర్వీస్ చార్జి: ఉమ్మడి భాగాల నిర్వహణ, బీమా, మరమ్మతుల కోసం లీజుదారు చెల్లించే సొమ్ము.
భూమి అద్దె: సేవలతో సంబంధం లేకుండా లీజు ప్రకారం ఫ్రీహోల్డర్‌కు చెల్లించే అద్దె.
క్లాడింగ్: భవనం బయటి గోడలకు తొడిగే పలకల పొర. ఈ యూనిట్‌లో దీన్ని తొడుగు అన్నాం.
అవిభాజ్య వాటా: భవనం ఉన్న స్థలంలో హద్దులు విడదీయకుండా ఫ్లాట్ యజమానికి చెందే భాగం.